గట్టు ఎత్తు పెంచిన చిత్రకారుడూ, మనుషుల్ని కత్తిరించిన నేనూ

పోయిన వారం మా టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఓ బొమ్మ పెట్టాడు. మా సీనియర్, నేను అన్నా అని పిలుస్తాను, మనిషి చాలా మంచివాడు, కాబట్టి పేరు చెప్పను. బొమ్మేమో డెన్మార్క్ చిత్రకారుడు యోహాన్ థామస్ లుండ్‌బై 1843లో వేసిన ‘ఒక డేనిష్ తీరం’. సముద్రపు పాయ ఒడ్డున నిటారుగా లేచిన గట్టు, దాని మీద గాలికి వంగిన చెట్లు, పైన బోలెడంత ఆకాశం. కింద అన్నగారి వ్యాఖ్య: "నేచర్ అంటే ఇదిరా బాబూ! మన గుంటూరు సైడు ఏముంది, ఎండ, దుమ్ము, మిరప ఘాటు తప్ప?"

పది నిమిషాల్లో పదిహేడు బొటనవేళ్ళు లేచాయి. అందులో ఒకటి నాది.

ఆ బొటనవేలు వెనక్కి తీసుకోవడానికే ఈ టపా. అన్నని తిట్టడానికి కాదు. (కాస్త తిడతాను కూడా, చదివితే ఏమీ అనుకోడు.)

ముందుగా ఒక మాట. నేను ఆ బొమ్మని ఫోన్‌లో కాదు, ఎదురుగా నిలబడి చూశాను. రెండేళ్ళ క్రితం ఆన్‌సైట్ పేరుతో ఆరు వారాలు కోపెన్‌హాగన్‌లో ఉన్నాను. ఓ ఆదివారం వాన పట్టుకుంది, గదిలో ఉప్మా తిని తిని విసుగెత్తింది, వాళ్ళ జాతీయ చిత్రశాలలోకి దూరాను. మనకి వాట్సాప్‌లో అరచెయ్యంత కనిపించే ఆ బొమ్మ అక్కడ రెండున్నర మీటర్ల వెడల్పుంది. దాని ముందు చాలాసేపు నోరు తెరుచుకుని నిలబడ్డ మాట నిజం. ఆ గాలి మన చెంపకి తగులుతున్నట్టే ఉంటుంది.

సోమవారం లంచ్‌లో క్లయింటు టీమ్‌లో ఒకతనికి ఈ సంగతి చెబితే నవ్వాడు. "ఆ గట్టు దగ్గరికి వెళ్తే నిరాశపడతావు, అంత ఎత్తేమీ ఉండదు" అన్నాడు. తర్వాత చదివితే తెలిసింది, కళాచరిత్రకారులు చెప్పేదీ అదే. లుండ్‌బై ఆ చోట ఎన్నో స్కెచ్చులు గీసుకుని, వాటి నుంచి స్టూడియోలో ఈ పెద్ద కాన్వాసు కూర్చాడు. కూర్చేటప్పుడు గట్టుని అసలుకంటే ఎత్తుగా, ఘనంగా చేశాడు. మన భాషలో చెప్పాలంటే డేటా అదే గానీ స్కేలు మార్చాడన్నమాట.

ఎందుకు మార్చాడు? అక్కడే ఉంది అసలు కథ.

డెన్మార్క్‌లో కొండల్లేవు. ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైన సహజమైన చోటు సుమారు 171 మీటర్లు. మా మంగళగిరి గాలిగోపురం 153 అడుగులు. అలాంటివి నాలుగు ఒకదాని మీద ఒకటి పేరిస్తే డెన్మార్క్ మొత్తం కిందే ఉండిపోతుంది! ఒకప్పుడు వాళ్ళ రాజుకి కొండలుండేవి, ఎందుకంటే నార్వే ఆయన కిందే ఉండేది. 1807లో ఇంగ్లీషు వాళ్ళు కోపెన్‌హాగన్ మీద బాంబులు కురిపించి నౌకాదళాన్ని ఎత్తుకుపోయారు. (అన్నట్టు, మా ఊళ్ళో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు గాలిగోపురం కట్టించింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, 1807-09లో.) 1813లో అక్కడి ప్రభుత్వం దివాలా తీసింది. 1814లో నార్వే చేజారిపోయింది. కొండలన్నీ అటు పోయాయి. మిగిలింది బల్లపరుపు నేల, రై చేలు, బార్లీ చేలు, ఆవులు, వాన.

అప్పుడు వాళ్ళ చిత్రకారులు ఏం చేశారంటే, ఆ మిగిలినదాన్నే చూడడం మొదలెట్టారు. అంతకుముందు బొమ్మలు వేయాలంటే రోమ్ వెళ్ళాలి, ఇటలీ ఎండ కావాలి. లుండ్‌బై మాత్రం 1842లో తన డైరీలో, డెన్మార్క్‌ని దాని సాదాతనంతో, అణకువతో సహా గీయడమే తన జీవితలక్ష్యమని రాసుకున్నాడు. 1844లో హోయెన్ అనే కళాచరిత్రకారుడు ఉపన్యాసమిచ్చి మరీ చెప్పాడు, మన నేలనీ మన జనాన్నీ చూడండయ్యా అని. వాళ్ళు చూశారు. మెలికల దారులు, రాతియుగపు సమాధి దిబ్బలు, బీచ్ చెట్ల తోపులు, కంచెలు, మేత బీళ్ళు. ఈ రోజు డేనిష్ ప్రకృతి అనగానే ప్రపంచానికి కళ్ళముందు మెదిలేది వాళ్ళు గీసి పెట్టినదే.

అంటే అన్నా, నువ్వు ‘నేచర్ అంటే ఇదిరా’ అని పంపిన బొమ్మ, ‘మన ఊళ్ళో ఏముంది’ అనే నీ మాటకి 1843లోనే రాసిపెట్టిన జవాబు! ‘మన దగ్గర ఏముంది, చదునైన పొలాలు తప్ప’ అని కోపెన్‌హాగన్ పెద్దమనుషులూ అనుకునేవాళ్ళు. ఆ చదును నేలలో ఏముందో చూపించడానికే పాతికేళ్ళ కుర్రాడు బ్రష్షు పట్టుకున్నాడు. నువ్వు ఆ బొమ్మని చూపించి మన చదును నేలని వెక్కిరిస్తున్నావు.

ఇంతకీ మనకి అలాంటివాళ్ళు లేరా అంటే, ఉన్నారు. దామెర్ల రామారావు. 1897లో పుట్టాడు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కంట్లో పడి, బొంబాయి జేజే స్కూల్లో చదువుకుని, అక్కడే ఉండిపోకుండా మళ్ళీ రాజమండ్రి వచ్చి కుర్రాళ్ళకి బొమ్మలు నేర్పాడు. గోదావరినీ, కొండల్నీ, నీళ్ళకొచ్చే ఆడవాళ్ళనీ గీశాడు. 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిది నిండకుండానే. లుండ్‌బై కూడా అంతే. 1848 యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్ళి, శత్రువుల చేతిలో కాదు, సొంత శిబిరంలో తుపాకీ పొరపాటున పేలి పోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. నాకిప్పుడు ఇరవై ఎనిమిది. వాళ్ళు ఆ వయసుకి ఒక్కో నేలకి చూపునిచ్చి పోతే, నేను నాలుగు వేల జీరా టికెట్లు మూశాను. సరే, నా ఏడుపు పక్కన పెడదాం.

రాజమండ్రిలో దామెర్ల పేరుతో ఉన్న చిత్రశాలకి మీలో ఎంతమంది వెళ్ళారు? పారిస్ లూవ్ర్ ముందు సెల్ఫీ ఉన్న సోదర సోదరీమణులు చేతులు దించండి, ఆ ప్రశ్న వేరే. గోదావరికన్నా ఒక దామెర్ల దొరికాడు. మరి పత్తి చేలకి? మిరప కల్లాలకి? మన డ్రాయింగ్ రూముల్లో గోడల మీద ఏమున్నాయి? మంచు కొండ, సరస్సు, చెక్క ఇల్లు. మన పాటల్లో హీరో హీరోయిన్లు ఎక్కడ పరిగెత్తారు? స్విట్జర్లాండ్ గడ్డిలో. మన గేటెడ్ కమ్యూనిటీల పేర్లేమిటి? మెడోస్, వ్యాలీ, గ్రీన్స్. ఆ ‘మెడోస్’ కట్టకముందు అక్కడ ఏ పంట ఉండేదో అడిగి చూడండి, సేల్స్ అబ్బాయి మీకేసి వింతగా చూస్తాడు.

ఇక్కడిదాకా డేనిష్ వాళ్ళని పొగిడాను. ఇక రెండో వైపు.

లుండ్‌బై నేల తన నేలే. కానీ ఆ బొమ్మలో కథానాయకుడు మనిషి కాదు, గట్టు, గాలి, ఆకాశం. ఆ తరం బొమ్మలు చాలావాటిలో పొలం ఉంటుంది గానీ పొలం పని ఉండదు. ఉన్నా దూరంగా, ముద్దుగా, చెమట పట్టకుండా ఉంటుంది. బయట ఏం జరుగుతోందంటే, 1733 నుంచి అక్కడ రైతు కుటుంబాల మగవాళ్ళు పుట్టిన జమీని వదిలి వెళ్ళకూడదనే చట్టం ఉండేది, దాన్ని 1788లో రద్దు చేశారు. ఊరుమ్మడి పొలాలు విడగొట్టి ఎవరి చెక్క వారికి ఇచ్చారు. భూమి దక్కినవాడు రైతయ్యాడు. దక్కనివాడు గుడిసె చుట్టూ జానెడు నేలతో కూలివాడయ్యాడు, వాళ్ళ సంఖ్య ఆ శతాబ్దమంతా పెరుగుతూ పోయింది. అడవి నరికి నరికి దేశంలో ఐదు శాతం కంటే తక్కువకి పడిపోతే, 1805లో చట్టం తెచ్చి మిగిలిన అడవికి కంచె వేశారు. అడవి బతికింది, మంచిదే. ఆ అడవిలో పశువుల్ని మేపుకునే పేదవాడు మాత్రం కంచె ఇవతల ఉండిపోయాడు. తర్వాత చిత్రకారుడొచ్చి ఆ అడవిని గీస్తే మనకి ఏం కనిపిస్తుంది? ‘సహజసిద్ధమైన ప్రకృతి’! దాని వెనక ఒక చట్టం, ఒక కంచె, ఒక తోలేసిన ఆవు ఉన్నాయని కాన్వాసు చెప్పదు.

‘అయితే ఏంటి, బొమ్మ బొమ్మే కదా’ అంటారా? బొమ్మ బొమ్మగా ఆగితే నేనీ టపా రాయను. ఒక దేశం తన నేలని అందమైన పచ్చదనంగా చూడడానికి అలవాటు పడితే, ఆ పచ్చదనం కింద ఏం కలుస్తోందో చాలాకాలం కనపడదు. ఈ రోజు డెన్మార్క్ నేలలో దాదాపు అరవై శాతం సాగులో ఉంది. చూడ్డానికి పచ్చటి పటంలాగే ఉంటుంది. ఆ పొలాల ఎరువుల నత్రజని కొట్టుకొచ్చి సముద్రపు పాయల్లో నీళ్ళకి ఆక్సిజన్ అందకుండా చేస్తోంది, అడుగున బతికే జీవాలు చస్తున్నాయి. చివరికి 2024లో వాళ్ళ ప్రభుత్వం, రైతు సంఘాలు, పర్యావరణ సంఘాలు కూర్చుని ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. సాగుభూమిలో సుమారు పదో వంతు అడవిగా, సహజ భూమిగా మార్చాలి, రెండు దశాబ్దాల్లో వంద కోట్ల చెట్లు నాటాలి. పటంలా ఉన్న నేలలో లోపం ఉందని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. బిల్లు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, కానీ రాక మానదు.

ఇప్పుడు మా ఊరికి రండి.

వాళ్ళు నార్వేని పోగొట్టుకుంది 1814లో. సరిగ్గా రెండు వందల ఏళ్ళకి, 2014లో, మనం హైదరాబాద్‌ని పోగొట్టుకున్నాం. (తెలంగాణ మిత్రులు నొచ్చుకోకండి, ఇటువైపు మనసు ఎలా ఉండేదో చెబుతున్నానంతే.) కొండలు పోయి చదునైన నేల మిగిలిన దేశం ఒకటి, ఐటీ పోయి పొలాలు మిగిలిన రాష్ట్రం ఒకటి. రెండు చోట్లా దిగులు తీర్చుకోవడానికి బొమ్మలే గీశారు. తేడా ఎక్కడంటే, వాళ్ళు ఉన్నదాన్ని కాస్త ఎత్తు పెంచి గీశారు. మనం ఉన్నదాన్ని పూర్తిగా తుడిచేసి గీశాం.

2015 జనవరి నుంచి భూసమీకరణ మొదలైంది. 29 గ్రామాలు, సుమారు 34 వేల ఎకరాలు. మా మంగళగిరి మండలంలో నిడమర్రు, కురగల్లు, ఎర్రబాలెం, నవులూరు, కృష్ణాయపాలెం, బేతపూడి. అదే ఏడు అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన. సింగపూర్ వాళ్ళ మాస్టర్ ప్లాను, లండన్ నుంచి ఫోస్టర్ సంస్థ డిజైన్లు, 2017లో సినీ దర్శకుడు రాజమౌళితో సంప్రదింపులు. ఆ మూడు నాలుగేళ్ళలో మనం చూసినన్ని ‘ల్యాండ్‌స్కేప్’ బొమ్మలు మన తాతలు ఏడు తరాల్లో చూసి ఉండరు. ప్రతిపక్షం వాళ్ళు ‘గ్రాఫిక్స్’ అని వెక్కిరించారు. తర్వాత 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, 2022 మార్చిలో హైకోర్టు తీర్పిచ్చింది, 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్ళీ మొదలుపెట్టారు. రాజకీయం జోలికి నేను పోను. రాజధాని రావాలనే నా కోరిక కూడా, ఇంటి పక్కన ఆఫీసుంటే ఎవడికి చేదు! నా గొడవల్లా ఆ బొమ్మలతోనే.

ఆ గ్రాఫిక్స్‌ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. నీళ్ళు నీలం. మన కృష్ణ ఏ నెలలో ఆ నీలంగా ఉంటుందో మీకు తెలిస్తే నాకు చెప్పండి. నేల లాన్. తుళ్ళూరు వైపు నల్లరేగడి ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానాకాలంలో చెప్పు వదలదు. ఆ మట్టి రంగు ఒక్క బొమ్మలో లేదు. మనుషులున్నారు, లేరని అనను. జాగింగ్ చేస్తుంటారు, సైకిల్ తొక్కుతుంటారు, కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతుంటారు. తల మీద గంపున్న మనిషి లేదు. నడుం వంచిన మనిషి లేదు. పనిచేస్తున్న మనిషే లేదు. కొండవీటి వాగు కూడా ఉంది, కాలువలాగా బుద్ధిగా. అసలు వాగుకి అంత బుద్ధి లేదు కాబట్టే ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పంపులు పెట్టాల్సి వచ్చింది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అనుమతి ఇస్తూనే ఈ వాగు గురించీ వరద మైదానం గురించీ షరతులు పెట్టింది.

మన వృత్తిలో దీనికో పేరుంది: హ్యాపీ పాత్. డెమోలో యూజర్ సరైన బటనే నొక్కుతాడు, నెట్ పోదు, సర్వర్ పడదు. డెమో చూసి మోసపోయే క్లయింటుని మనం క్యాంటీన్‌లో ఎంత ఎగతాళి చేస్తాం! మరి ఒక ప్రాంతం డెమో చూపిస్తే మనమే ముందు షేర్ చేశాం.

ఇంకో సంగతి. మా వైపు నేలకి మాటలున్నాయి. కృష్ణ ఒడ్డున ఏడాదికి మూడు పంటలు పండే నేలని జరీబు అంటారు. అరటి, పసుపు, కంద, కూరగాయలు, పూలు. అవతల పత్తి, మిరప పండేది మెట్ట. చెలక, బీడు, డొంక, పోరంబోకు, లంక... ఒక్కో మాట వెనక తడి ఎంత, హక్కు ఎవరిది, పని ఎంత అనేది ఉంటుంది. బొమ్మలో వీటన్నిటికీ ఒకే ఆకుపచ్చ వాడారు. నిజానికి ప్రభుత్వ కాగితం ఈ విషయంలో ఆ బొమ్మకంటే నిజాయితీగా ఉంది. మెట్టకి ఎకరానికి ఏటా 30 వేలు, జరీబుకి 50 వేలు కౌలు, ఏటేటా పెంపు, పదేళ్ళు. ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, దానికి తోడు మెట్టకి 250 గజాలు, జరీబుకి 450 గజాలు వ్యాపార స్థలం. లెక్క లెక్కలాగే ఉంది.

కానీ ఆ టేబుల్‌లో ప్రైమరీ కీ ఏమిటో చూశారా? పట్టాదారు. భూమి లేని కూలి కుటుంబానికి నెలకి 2,500 పెన్షన్ అన్నారు, 2024లో 5,000 చేశారు. కౌలు రైతుకి విడిగా కాలమ్ లేదు. అరటి గెలలు కొట్టేవాళ్ళు, పూలు కోసేవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు ఆ నేలని నమ్ముకుని ఏడాదిలో ఎన్ని రోజులు పని చేసుకునేవారో ఆ స్కీమాలో పట్టదు. కనపడని మనిషికి కాలమ్ ఎవడు పెడతాడు? ముందు బొమ్మలోంచి పోతాడు, తర్వాత టేబుల్లోంచి పోతాడు. ఈ వరస యాదృచ్ఛికం కాదనేదే నా వాదన.

మా అమ్మమ్మగారి ఊరు ఈ 29లో ఒకటి. మామయ్య ఇంట్లో గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన రాజధాని బొమ్మ అంటించి ఉంటుంది, పేపర్లో వచ్చినది కత్తిరించి పెట్టాడు. ఒకసారి వెళ్తే వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఈ చెట్ల కాడ మన చేను. ఇక్కడే గదా నువ్వు చిన్నప్పుడు మిరపకాయ కళ్ళకి రాసుకుని ఊరంతా లేపింది!" నేను చూస్తే అక్కడ ఒక ఫౌంటెన్ ఉంది. మామయ్యకి మాత్రం చేను కనపడుతోంది. ఆయన ఉన్నంతకాలం కనపడుతుంది. మా పిల్లలకి ఫౌంటెన్ ఒక్కటే కనపడుతుంది.

ఇప్పుడు నన్ను నేను తిట్టుకునే భాగం.

మా నాన్న మంగళగిరికి పడమర పక్క కౌలుకి మిరప వేస్తాడు. పోయిన ఫిబ్రవరిలో కల్లానికి వెళ్ళాను. పొద్దున ఏడు గంటల ఎండ, ఎర్రటి దుప్పటి పరిచినట్టు కాయలు, వెనకాల దూరంగా మా కొండ. ఫోన్ తీశాను. కాయల మధ్య ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. ఒకామె మా వీధే, నేను పిన్నీ అని పిలుస్తాను. నా మొదటి జీతానికి స్వీట్ తిన్న మనిషి. తలెత్తి "మమ్మల్నెందుకు తీస్తన్నా అబ్బాయ్, కాయల్ని తియ్యి, కాయలు బాగున్నయ్" అంది.

తీశాను. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే ఆ ఇద్దరూ కుడివైపు మూల ‘అడ్డం’ అనిపించారు. ఫ్రేమ్ క్లీన్‌గా లేదు అనిపించింది. క్రాప్ చేశాను. ఎరుపు, కొండ, ఆకాశం. అద్భుతంగా వచ్చింది! వాల్‌పేపర్ పెట్టుకున్నాను. స్క్రీన్ షేర్ చేసినప్పుడు క్లయింటు వాళ్ళు కూడా "బ్యూటిఫుల్ నేచర్" అన్నారు. నేను పొంగిపోయాను.

నేచర్ ఏంటి నా బొంద! అది నారు పోసి, నాటి, నీళ్ళు పెట్టి, మందు కొట్టి, ఒక్కో కాయా చేత్తో కోసి, ఆరబోసి, తిరగేసి, తాలు ఏరిన పంట. కోతలకి కర్నూలు నుంచి కుటుంబాలకి కుటుంబాలు వలసొచ్చి గుడారాలేసుకుంటాయి. ఆ రోజుల్లో కూలివాళ్ళ అరచేతులు రాత్రిళ్ళు కూడా మండుతూనే ఉంటాయి. ప్రకృతి కూడా ఉందందులో, లేకేం! 2021-22లో నల్ల తామర పురుగు రూపంలో వచ్చి పూతంతా నాకేసింది, ఎకరాలకి ఎకరాలు పీకేశారు. 1987-88లో తెల్లదోమ రూపంలో ప్రకాశం, గుంటూరు పత్తి చేల మీద పడింది, అప్పులపాలై రైతులు పురుగుమందు తాగారు. మా వైపు ప్రకృతి అంటే అదీ, గోడ మీద పటం కాదు. రేపు మబ్బు పడుతుందా, కాయ తడుస్తుందా, యార్డులో టిక్కీకి ఎంత పలుకుతుంది... ఆకాశంకేసి మా నాన్న చూసే చూపులో ఇవన్నీ ఉంటాయి. లుండ్‌బై ఆకాశం ఎంత గొప్పదైనా దాన్ని చూసి ఎవడూ పట్టాలు కప్పడానికి పరిగెత్తడు.

వాల్‌పేపర్ని అమ్మ చూసింది. ఒక్క క్షణం చూసి అడిగింది: "పిన్ని ఏదిరా? ఇక్కడే గదా కూచుని ఉండాల?" వేలు సరిగ్గా స్క్రీన్ అంచు దగ్గర పెట్టింది, నేను కోసేసిన చోట. అమ్మకి ఫోటోలో లేని మనిషి కనపడింది. నాకు ఉన్న మనిషి అడ్డమనిపించింది. బీటెక్ చదివింది నేను.

కొందరు స్నేహితులకి ఇదంతా నోటితో చెబితే వచ్చిన అభ్యంతరాలు ఇవీ.

ఒకటి, ‘అన్ని బొమ్మల్లోనూ కూలివాళ్ళని పెట్టాలా?’ అక్కర్లేదు. ఒక పువ్వు గీసుకోండి, ఒక మబ్బు గీసుకోండి, ఎవరొద్దన్నారు? పొలం చూపిస్తూ ప్రకృతి అని చెప్పినప్పుడే పేచీ. ఎవరో చేసిన పనిని ఎవరూ చేయనట్టు చూపించకండి అంటున్నాను. మన కోడ్‌లో మన పేరు తీసేసి వేరేవాడు డెమో ఇస్తే మెయిల్ మీద మెయిల్ కొడతాం కదా, ఇదీ అంతే.

రెండు, ‘నువ్వు పొలం పని చెయ్యవు, ఏసీలో కూర్చుని రాస్తున్నావు.’ నిజమే. మా నాన్న నన్ను చదివించిందే ఆ ఎండలోంచి తప్పించడానికి. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది. ఎండలోంచి తప్పించుకున్నవాడే ఎండలో ఉన్నవాళ్ళని ఫ్రేమ్‌లోంచి కూడా తప్పిస్తే ఇంకేం మిగిలింది?

మూడు, ‘పాతకాలం మనవాళ్ళు ప్రకృతిని పూజించేవారు, ఈ చూపు పడమటి నుంచి వచ్చింది.’ ఇది సగం నిజం. మా కొండ చూడ్డానికి కాదు, పానకం తాగడానికి ఉంది. స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం వెనక్కిస్తాడని నమ్మకం. దూరం నుంచి చూస్తే కొండ ఏనుగు ఆకారంలో ఉంటుందంటారు. అంటే కొండ ఒక మనిషి లాంటిది, దానికి దాహం ఉంది, ఒళ్ళుంది. లుండ్‌బై గట్టుకంటే ఇది నాకు ఎంతో దగ్గరి చూపు. కానీ ఆ పానకం బిందె మెట్ల మీదుగా మోసుకెళ్ళేవాడి పేరు మన స్థలపురాణంలో కూడా లేదు. కాబట్టి పడమటి మీద తోసేసి చేతులు దులుపుకోవద్దు. మనకీ క్రాప్ చేసే అలవాటు పాతదే.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, డెన్మార్క్ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి సగం మనం నేర్చుకోలేదు: సొంత చదును నేలని, కొండలు లేకపోయినా, కళ్ళు పెట్టి చూడడం. నేర్చుకోకూడని రెండో సగం మాత్రం బాగా వంటబట్టింది: చూసేదాంట్లోంచి చేసేవాళ్ళని తీసేయడం. అన్నా, నీ వ్యాఖ్య మొదటిదానికి ఉదాహరణ. నా వాల్‌పేపర్ రెండోదానికి. ఇద్దరం ఒకే గూటి పక్షులం.

మీరు ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, ఫిబ్రవరి మార్చిల్లో వెళ్తే మరీ మంచిది, గుంటూరు దాటాక ఏ డొంక దారైనా పట్టుకుని ఒక్క కిలోమీటరు లోపలికి నడవండి. డ్రోన్ తీసుకెళ్ళకండి, పైనుంచి చూస్తే మళ్ళీ అంతా గ్రాఫిక్సే. నేల మీద నిలబడి ఒక ఫోటో తీయండి. ఎవరైనా అడ్డమొస్తే ఉండనివ్వండి. ఏం పంట, ఎన్నో కోత, ఇవాళ కూలి ఎంత, అడిగి ఫోటో కింద రాయండి. తర్వాత మా గ్రూపుకి పంపండి. అన్నకి నేను చెబుతాను.

నా ఫోటో ఒరిజినల్ అదృష్టం కొద్దీ ఫోన్‌లోనే ఉంది. నిన్న రాత్రి అదే వాల్‌పేపర్‌గా పెట్టాను. చిక్కేంటంటే నా డెస్క్‌టాప్ ఐకాన్లు, రీసైకిల్ బిన్‌తో సహా, అన్నీ కుడివైపు మూలే ఉంటాయి, సరిగ్గా పిన్ని ముఖం మీద పడ్డాయి. అరగంట కూర్చుని ఒక్కోటీ ఎడమవైపుకి, ఖాళీ ఆకాశం మీదకి జరిపాను. పొద్దున స్టాండప్ కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తే క్లయింటు వాళ్ళలో ఒకతను ఈసారి నేచర్ అనలేదు. "ఎవరు వాళ్ళు, ఏం చేస్తున్నారు?" అని అడిగాడు. పదిహేను నిమిషాల కాల్‌లో పది నిమిషాలు తాలుకాయ అంటే ఏమిటో చెప్పాను.